తేదీ అడిగే టైపింగ్ షాపు

అమలాపురం గడియారస్తంభం సెంటర్‌కి కూతవేటు దూరంలో ఒక సందులో ఉంది ఈ షాపు. బోర్డు లేదు. షట్టర్ పక్కన మేకుకి ఒక కాగితం వేలాడుతూ ఉంటుంది: 'డీటీపీ, జిరాక్స్, లామినేషన్, అర్జీలు రాయబడును'. సరిగ్గా లామినేషన్ అన్న మాట దగ్గరే ఆ కాగితానికి లామినేషన్ ఊడిపోయింది. మూడు నెలల్లో నేను అక్కడికి నాలుగుసార్లు వెళ్ళాను. పెళ్ళి కార్డులకీ ఫ్లెక్సీలకీ అయితే వేరే చోటు చూసుకోండి, ఇక్కడ బాగుండవు. ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ, ఆఫీసులో మనల్ని వేరుగా చూశారని అర్జీ పెట్టుకోవాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మాది అంబాజీపేట దగ్గర ఊరు. చిన్నప్పుడు పోలియో వచ్చింది, ఎడమ కాలికి కాలిపర్ వేసుకుని నడుస్తాను. సీనియర్ అసిస్టెంట్‌ని, ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఏ ఆఫీసో చెప్పను, ఇంకా అక్కడే సంతకం పెడుతున్నాను కాబట్టి. ఇన్నేళ్ళూ నా సీటు కిందే ఉండేది. జనవరి 5న, కొత్తగా వచ్చిన ఆఫీసరు గారు నన్ను పై అంతస్తు సెక్షన్‌కి వెళ్ళమన్నారు. లిఫ్ట్ లేదు. మెట్లు ఇరవై నాలుగు, మధ్యలో ఒక మలుపు, మలుపు దగ్గర నుంచి రెయిలింగ్ ఉండదు. ఆ మాటే చెప్పాను. "జీతం అందరితో సమానంగా తీసుకుంటున్నారు కదా, మెట్లు కూడా అందరితో సమానంగా ఎక్కండి" అన్నారు. ఇద్దరు నవ్వారు. మా అటెండరు మాత్రం తల వంచుకుని టీ గ్లాసులు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆర్డరు కాగితం ఏమీ లేదు, అంతా నోటి మాటే.

అప్పుడే రాయాల్సింది. సంక్రాంతి ముందు గొడవెందుకులే అనుకున్నాను. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఇంటి నిండా చుట్టాలు. ఆ తర్వాత అంతర్వేది కళ్యాణం వెళ్ళనీ అనుకున్నాను. తర్వాత ఆడిట్ వచ్చింది. తర్వాత మార్చి ఎండింగ్, అప్పుడు ఎవరైనా అర్జీ చదువుతారా? ఇలా రోజుకి రెండుసార్లు ఎక్కుతూ దిగుతూ, సాయంత్రానికి మోకాలు వాచిపోయి, ఆటోలో ఏడుస్తూ ఇంటికి వెళ్ళినదాన్ని చివరికి మార్చి 30న ఆ షాపు ముందు దిగాను.

ముందుగా షాపు మీద నా ఫిర్యాదు ఇదే: దానికీ మూడు మెట్లున్నాయి. పట్టుకోవడానికి ఏమీ లేదు. మెట్ల మీద అర్జీ రాయించుకోవడానికి మెట్లెక్కాలా అని నాకే నవ్వొచ్చింది. లోపలి నుంచి పెద్దాయన చూసి, "అక్కడే ఉండండమ్మా" అని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బాదం చెట్టు కింద వేశారు. తనూ స్టూలు వేసుకుని, ఒళ్ళో రూళ్ళ నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నారు. అందరూ ఆయన్ని మాస్టారు అంటారు. వెనకటికి టైప్ ఇన్‌స్టిట్యూట్ నడిపారట, లోయర్, హయ్యర్ పరీక్షలకి ఎంతోమందిని తయారు చేశారట. ఆ తర్వాత ముప్పై ఏళ్ళుగా వకీళ్ళకి టైపు చేస్తున్నారు.

నేను కథ మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ముందు తేదీ చెప్పండమ్మా" అన్నారు.

చెప్పాను. గోడ మీది క్యాలెండర్ తెప్పించి పెన్సిల్ మొనతో గళ్ళు లెక్కపెట్టారు. ఎనభై నాలుగు రోజులు. నేను మహా అయితే నెలన్నర అయ్యుంటుంది అనుకుంటున్నాను.

ఇంట్లో రాసుకెళ్ళిన కాగితం ఇస్తే, చదువుతూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టారు. మొదటి సున్నా 'గత కొంతకాలంగా' అన్న మాటకి. "కొంతకాలం అంటే ఎప్పట్నుంచి? అవతలివాళ్ళకి ఈ మాటంటే పండగ. మీకే తేదీ గుర్తులేదంటారు." రెండో సున్నా 'దయతలచి' కి. అది పూర్తిగా కొట్టేశారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 20 ప్రకారం ఉద్యోగంలో వివక్ష చూపకూడదు, అవసరమైన సౌకర్యం కల్పించాలి. అడిగేది అదైనప్పుడు దయ ఎందుకు అన్నారు. ఇరవై రెండేళ్ళు ఆఫీసులో వేలకొద్దీ ఫైళ్ళు రాసినదాన్ని, నా సొంత అర్జీలో మాత్రం నాలుగు చోట్ల దయ అడిగాను. నాలుగో చోట ఆయన కళ్ళు తప్పించుకుని ఉండిపోయింది, ప్రింటు తీశాక నేనే చూసి కొట్టేయించాను.

నోటి మాటగా మార్చారు కదా, రుజువేది అంటే చిన్న ఉపాయం చెప్పారు. 'జనవరి 5న తమరు మౌఖికంగా ఆదేశించిన ప్రకారం పై అంతస్తులో పని చేస్తున్నాను, ఇబ్బంది ఇదీ' అని ఆఫీసరు గారికే నాలుగు లైన్ల ఉత్తరం రాసి ఇన్‌వర్డ్‌లో, అంటే ఆఫీసుకి వచ్చే కాగితాలు తీసుకునే చోట, ఇమ్మన్నారు. వాళ్ళు కాదనకపోతే అదే రుజువు కాగితం. సీట్ల కేటాయింపు ఆర్డర్ల కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు కూడా పెట్టమన్నారు. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, జవాబుకి 30 రోజులు. "ఆ జవాబు వచ్చాకే అర్జీ పెడదామని మాత్రం కూర్చోకండి. ఇంకో నెల పోతుంది."

ఇక అసలు అర్జీ. ఆ చట్టం సెక్షన్ 23 ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదులు చూసే అధికారి ఒకరుండాలి. గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్ అంటారు. ఆయన దగ్గర ఫిర్యాదుల రిజిస్టరు ఉండాలి. రిజిస్టరులో ఎక్కిన రెండు వారాల్లో విచారణ జరగాలి. మా ఆఫీసులో ఆ అధికారి ఎవరని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జిల్లా ఆఫీసులో ఉన్నారని నాలుగు ఫోన్లు చేశాక తెలిసింది. అర్జీ పట్టుకెళ్ళి ఇస్తే ఇన్‌వర్డ్ క్లర్కు గుండ్రటి స్టాంపు వేసి నా కాపీ నాకిచ్చాడు. సంబరంగా మాస్టారికి చూపిస్తే, కళ్ళజోడు పైకి తోసుకుని, "నంబరేదమ్మా? స్టాంపు తపాలా ముట్టిందనడానికే. రెండు వారాలు రిజిస్టరులో ఎక్కినప్పట్నుంచి కదా" అన్నారు. ఆటో ఎక్కి మళ్ళీ వెళ్ళాను. రిజిస్టరు దొరకడానికి గంట పట్టింది. బీరువా పైన ఉంది, అట్ట మీద దుమ్ము, లోపల మొదటి పేజీలో రెండే ఎంట్రీలు. మూడోది నాది.

పన్నెండో రోజున విచారణకి వచ్చారు.

నేను అక్కడ కూర్చున్న రోజుల్లో విన్న మిగతా లెక్కలు కూడా చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి. జిరాక్స్ మిషన్ పక్కన ఎప్పుడూ ఒక కాగితాల కట్ట బోర్లించి ఉంటుంది. ఒకసారి తిప్పి చూడబోతే మాస్టారు, "అవి చూడకూడదమ్మా" అన్నారు. పని చేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు. వాటి సంగతులు, పేర్లు బయటపెట్టకూడదని 2013 చట్టమే చెప్తోంది. అవెప్పుడూ ఆరు సెట్లు తీస్తారు. రూల్స్ ప్రకారం ఆ ఫిర్యాదులు విచారించే కమిటీకి ఆరు కాపీలివ్వాలి, ఆధారాలూ సాక్షుల పేర్లూ అడ్రసులూ జతచేసి. ఫిర్యాదు పెట్టే గడువు మూడు నెలలు, ఒకటికి మించి జరిగితే ఆఖరిది జరిగిన రోజు నుంచి. కారణం రాసి కమిటీ ఇంకో మూడు నెలల దాకా పొడిగించవచ్చు. నేను జనవరి నుంచి మార్చి దాకా చేసినట్టు వాళ్ళూ పండగలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఆ మూడు నెలలూ అయిపోయేవి. ఆ మాట తట్టినప్పుడు కుర్చీలో ఒక్కసారి సర్దుకుని కూర్చున్నాను.

ఇంకోరోజు ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి వచ్చారు, రిటైర్‌మెంట్‌కి దగ్గర్లో ఉన్నాయన. ప్రమోషన్‌లో తనను పక్కన పెట్టారని నాలుగేళ్ళుగా పైఅధికారులకి ఏడు రిప్రజెంటేషన్లు (విన్నపాలు) పంపారట, ఎనిమిదోది టైపు చేయించడానికొచ్చారు. డబ్బు వచ్చే పని. అయినా మాస్టారు టైపు చేయలేదు. ఇలాంటి సర్వీసు తగాదాలకి కేంద్ర ఉద్యోగులకి పరిపాలనా ట్రిబ్యునల్ ఉంది, మనకి హైదరాబాద్ బెంచి. ఆర్డరు వచ్చిన ఏడాదిలోపు వెళ్ళాలి. పెట్టుకున్న అప్పీలుకో రిప్రజెంటేషన్‌కో ఆరు నెలలైనా జవాబు లేకపోతే, ఆ ఆరు నెలలు నిండినప్పట్నుంచి ఏడాది. మళ్ళీ మళ్ళీ రాసినంత మాత్రాన గడువు పెరగదని 1989లోనే సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి చెప్పింది. "ఎనిమిదోది నేను కొట్టొచ్చు, ముప్పై రూపాయలు తీసుకోవచ్చు. కానీ ముందు వకీలు దగ్గరికి వెళ్ళండి. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే క్షమించే వీలుంది" అని పంపించేశారు. మాలాంటి రాష్ట్ర ఉద్యోగులకి ఇప్పుడు ట్రిబ్యునల్ లేదు, హైకోర్టుకే వెళ్ళాలి. అక్కడా ఇన్నాళ్ళు ఏం చేశావన్న ప్రశ్న తప్పదు.

మా మేనమామ కూతురు అమెరికాలో ఫెడరల్ ఉద్యోగి. ఫోన్లో ఈ గోడు చెప్పుకుంటే, వాళ్ళకయితే వివక్ష జరిగిన 45 రోజుల్లో తమ ఏజెన్సీలోని ఈఈఓ (సమాన ఉద్యోగావకాశాల) కౌన్సిలర్‌ని కలవాలని, అక్కడ తేలకపోతే ఫార్మల్ కంప్లయింట్ పెట్టుకోవచ్చన్న నోటీసు అందిన 15 రోజుల్లో పెట్టాలని చెప్పింది. మాస్టారికి చెబితే, "నలభై అయిదు రోజులా! మన దగ్గర సీట్లో మనిషి దొరకడానికే సరిపోతాయి" అన్నారు.

మరీ దేవుణ్ణి చేసి చెప్పడం లేదు. ఆయన లాయరు కాదు, ఆ మాట ఆయనే పదిసార్లంటారు. ఆడవాళ్ళకీ, ఎస్సీ ఎస్టీలకీ, దివ్యాంగులకీ ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుందని, 15100 కి ఫోన్ చెయ్యమని నాకు చెప్పింది కూడా ఆయనే. కానీ పని నిదానం. రెండు పేజీల అర్జీకి గంటన్నర. మధ్యలో కరెంటు పోతే ఇన్వర్టర్ కంప్యూటర్‌కే చాలుతుంది, ప్రింటరుకి చాలదు. పాత తెలుగు ఫాంట్లలో కొడతారు, ఆ ఫైలు అలాగే మెయిల్ చేస్తే అవతల పిచ్చిగీతలు కనిపిస్తాయి. పీడీఎఫ్ చేసి ఇమ్మని గుర్తుచేయాలి. వైకల్యం శాతం చూపించే సదరం సర్టిఫికెట్ నకలు ఒకసారి ఇంత నల్లగా వచ్చింది, శాతం అంకె కనబడలేదు. మళ్ళీ తీయించుకున్నాను, దానికి డబ్బు తీసుకోలేదు. టైపింగ్ పేజీకి ముప్పై, జిరాక్స్ రెండు రూపాయలు. సలహాకి ఏమీ లేదు. అయిదుకి నాలుగు స్టార్లు. తగ్గించిన ఆ ఒక్కటీ మెట్లకే. ఆ మాట ఆయన మొహం మీదే చెప్పాను. "మేస్త్రీకి చెప్పానమ్మా, వర్షాలయ్యాక వస్తానన్నాడు" అన్నారు. తేదీ అడిగాను. నవ్వారు.

విచారణ ఫలితం సంగతి: నన్ను కిందికి తెచ్చారు. పాత సీటు కాదు, మెట్ల కింద, స్టేషనరీ బీరువాకీ మంచినీళ్ళ డ్రమ్ముకీ మధ్య. ఫ్యాన్ అందదు. పైకెళ్ళేవాళ్ళ చెప్పుల చప్పుడు రోజంతా నెత్తిన వినిపిస్తూ ఉంటుంది. దీన్ని సౌకర్యం కల్పించడం అంటారా అని దివ్యాంగుల విషయాలు చూసే జిల్లా స్థాయి కమిటీకి రాయించాను. అధికారి చెప్పింది నచ్చకపోతే ఆ కమిటీకి వెళ్ళవచ్చని సెక్షన్ 23లోనే ఉంది. ఈసారి నాలుగు రోజులే ఆగాను. స్పీడ్ పోస్టులో పంపి, రసీదుకి రెండు జిరాక్సులు తీయించి పెట్టుకున్నాను. రసీదు మీద అచ్చు ఎండకి చెరిగిపోతుంది, అసలు కాగితం ఒక్కటే దాచుకోకండి.

వెళ్ళేవాళ్ళు సోమవారం వెళ్ళకండి, కలెక్టరేట్‌లో అర్జీల రోజు కాబట్టి సందు చివరిదాకా జనం ఉంటారు. ఒంటిగంటకి షట్టర్ సగం దించి భోజనానికి వెళ్తారు, మూడింటికి గానీ రారు. మెట్లెక్కలేనివాళ్ళు కిందనుంచే "మాస్టారూ" అని కేకేయండి, కుర్చీ వస్తుంది. చిల్లర పట్టుకెళ్ళండి.