చిప్పులు భేష్, ముక్కలే చేతికి చిప్పిచ్చాయి

ఆదివారం రాత్రి మా మిద్దె మీద పోకరాడే ఐదుగురం ఇన్నాళ్లూ చింతపిక్కలతోనే నెట్టుకొచ్చాం. రెండు నెలల కిందట, తిరుపతి లీలామహల్ సర్కిల్ వైపు ఒక బొమ్మల అంగట్లో అల్యూమినియం పెట్టె చూశాక మనసు ఆగలేదు. రెండొందల చిప్పులు, రెండు కట్టల ప్లాస్టిక్ పేక, ‘డీలర్’ అని రాసిన తెల్ల బిళ్ల. 1,650 చెప్పి 1,450కి ఇచ్చాడు. ఆరు ఆదివారాలు ఆడిన తర్వాత రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, డబ్బులు పెట్టం. ‘పేకాట శిబిరంపై దాడి’ అని జిల్లా పేజీలో వచ్చే ఫొటోలో తల దించుకుని నిలబడే సరదా మాకెవరికీ లేదు. మన ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగ్ చట్టంలోకి 2020లో ఆన్‌లైన్ ఆటల్నీ లాగింది, 2025 ఆగస్టులో కేంద్రం డబ్బులు పెట్టే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా ఆపేసింది. మాకు ఆ బాధల్లేవు. ఎక్కువ ఓడినవాడు వచ్చే వారం మురుకులు తేవాలి, అంతే. అయినా ఆ పెట్టె కారు డిక్కీలో మర్చిపోతే అలిపిరి తనిఖీ దగ్గర ఏం చెప్పుకుంటావని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది. చూడ్డానికి అది అట్లాగే ఉంటుంది మరి.

చిప్పులు బాగున్నాయి. లోపల ఇనప బిళ్ల పెట్టారు కాబట్టి చేతిలో బరువు తెలుస్తుంది, పది పేర్చినా ఒరగవు, కింద పడితే టైల్స్ మీద మంచి చప్పుడు. తంటా అంతా వాటి మీద అచ్చేసిన అంకెలతోనే. తెల్లది 1, ఎర్రది 5, అట్లా పోయి నల్లది 100. రంగుకు యాభై కూడా లేవు. మేమాడేది లిమిట్ హోల్డెమ్ అనే రకం పోకర్. చేతిలో రెండు ముక్కలు, నడిమధ్య అందరికీ కలిపి ఐదు. పందెం మనిష్టం కాదు: మొదటి రెండు రౌండ్లలో రెండేసి, తర్వాతి రెండింటిలో నాలుగేసి, ఒక రౌండుకి ఒక పందెం, దాని మీద మూడు రెయిజులు, అంటే పెంపులు, దాంతో సరి. నాలుగేసి రౌండులో నలుగురు చివరిదాకా రెయిజులు కొట్టుకున్నారంటే అక్కడికక్కడే 64 తెల్లవి కావాలి. ఇంక నల్ల చిప్పు ఎందుకు పనికొస్తుంది? రెండో వారానికే అంకెల్ని పక్కన పెట్టి ఏ రంగైనా ఒకటే అనుకున్నాం. మనిషికి నలభై.

ఇక పేక. ఎండాకాలం చెమట చేతులకు కాగితం ముక్కలు అంటుకుపోయేవి, ఇవి అంటుకోవు. మురుకుల నూనె అంటినా తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. కలిపేటప్పుడు మాత్రం చేపపిల్లల్లా జారిపోతాయి. అదీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది మూలన ఉండే గుర్తు. ఆఠీనూ డైమనూ ఒకే ఎరుపు, రెండూ పెసరగింజంత. రమ్మీలో ముక్కలు మన కళ్లముందే ఉంటాయి కాబట్టి ఇబ్బంది రాదు. హోల్డెమ్‌లో చూడాల్సిన ముక్కలు చాప మధ్యలో, నాలుగడుగుల దూరాన పడుంటాయి.

మూడో ఆదివారం నాకు ఇస్పేటు రాజు, కళావరు రాజు వచ్చాయి. రాజుల జోడీ 221 ఆటలకొకసారి వచ్చేది. రెయిజ్ చేసి పందెం నాలుగు చేశాను. మా బామ్మర్ది, లెక్కల మాస్టారు, క్యాషియరన్న, ముగ్గురూ వచ్చారు, ఐదో అతను ఆట మొదట్లో తప్పనిసరిగా పెట్టిన ఒక్క చిప్పు వదిలేసి పోయాడు, మధ్యలో మొత్తం 17. మా బామ్మర్ది ఫ్లాపు, అంటే నడిమధ్య మొదట తెరిచే మూడు ముక్కల్ని ఒకదాని మీదొకటి జార్చి పరిచాడు. ఆఠీన్ రాణి, ఆఠీన్ జాకీ, పక్కన ఎనిమిది, అదీ ఆఠీనే. ముగ్గురిలో ఎవడో ఒకడికి ఫ్లష్, అంటే ఒకే గుర్తువి ఐదు, పడే ఉంటుందని నా గుండె జారింది. నా దగ్గర ఒక్క ఆఠీనూ లేదు. అందరూ పందెం వెయ్యకుండా చెక్ అన్నారు, నేనూ చెక్.

టర్న్‌లో నాలుగో ముక్క, ఇస్పేటు అయిదు. మళ్లీ అందరూ చెక్. ఇప్పుడు ధైర్యం తెచ్చుకుని నాలుగేశాను. లెక్కల మాస్టారు పారేశారు, బామ్మర్ది, క్యాషియరన్న నిలబడ్డారు. 29. రివర్‌లో ఐదోది, ఆఠీన్ అయిదు. క్యాషియరన్న టక్కున నాలుగు తోశాడు, బామ్మర్ది దిగిపోయాడు. మధ్యలో 33, నేను వెయ్యాల్సింది 4. ఇట్లా తొమ్మిదిసార్లు వేసి ఎనిమిదిసార్లు ఓడితే పోయేది 32, ఒక్కసారి గెలిస్తే వచ్చేది 33. వేశాను. కళావరు ఆసు, కళావరు అయిదు చూపించాడు. మధ్యలోని రెండింటితో కలిపి మూడు అయిదులు, నా రాజుల కంటే పెద్దవి.

“ఫ్లాపులో రెండు చిప్పులు వేసింటే ఆడనే పారేసిండేవాణ్ణి కదబ్బా,” అన్నాడు, చిప్పులు లాక్కుంటూ.

మాస్టారు సెల్లు లైటు వేసి ఎనిమిదిని బయటికి లాగారు. డైమను.

చివర్లో ముక్కలు పారేసి ఫోల్డ్ చెయ్యనందుకు నాకు బాధ లేదు, నాలుగూ వేసి చేసిన ఆ కాల్ సరైందే. చెక్ చేసినందుకే. మాస్టారి లెక్కలో అవి నిజంగా మూడు ఆఠీన్లే అయినా ముందు నేను కొట్టాల్సింది, ఎవరైనా రెయిజ్ చేస్తే అప్పుడు తగ్గాల్సింది. లిమిట్లో పెద్ద పందెంతో ఎవర్నీ తరమలేం. ఫ్లష్ కోసం చూసేవాడికి, మధ్యలోని 17కి నా రెండు కలిపి 19 కోసం రెండు వెయ్యడం లాభమే, వాడు పోడు. వెనకబడినవాడి దగ్గర ముక్కముక్కకీ సుంకం వసూలు చేసుకోవడమే మన పని. క్యాషియరన్న లాంటి ఆసు ఒక్కటే ఉన్నవాడు మాత్రం ఆ రెండుకే వెళ్లిపోతాడు, నేనేమో ఉచితంగా కూర్చోబెట్టాను. కెనడాలో అల్బెర్టా యూనివర్సిటీవాళ్లు సెఫియస్ అనే ప్రోగ్రాంతో ఇద్దరాడే లిమిట్ హోల్డెమ్‌ని దాదాపు తేల్చేశామని 2015లో ప్రకటించారట, ఆ క్లాసు కూడా అదే రాత్రి పీకారు. దానికి కళ్లజోడు అక్కర్లేదు కద సార్ అన్నాను.

పేక మార్చమని అంగడికి వెళ్తే, సీలు తీసిన కట్ట వెనక్కి తీసుకునేది లేదన్నాడు. న్యాయమే. డైమన్లకు నీలం, కళావర్లకు ఆకుపచ్చ వేసిన నాలుగు రంగుల కట్ట ఉందా అంటే అట్లాంటిది చూళ్లేదన్నాడు. ఇంటికొచ్చి డైమను గుర్తుల మీద మా పాప నీలం స్కెచ్‌పెన్ను దిద్దాను. ప్లాస్టిక్ కదా, రెండాటలకు అందరి వేళ్లూ నీలమయ్యాయి. పర్మనెంట్ మార్కర్‌తో మళ్లీ దిద్దితే ఇప్పటిదాకా నిలిచింది.

చిప్పులకు నాలుగు నక్షత్రాలు, పేకకు ఒకటిన్నర. రమ్మీ ఆడేవాళ్లయితే ఇంకో ఒకటి కలుపుకోండి. చింతపిక్కల డబ్బా మాత్రం పారెయ్యలేదు. నలభై అయిపోయినవాడికి అదే మా బ్యాంకు.