ఓక్‌లీఫ్ హైడ్రేంజియా: బంగారు ఆకులదా, పచ్చ ఆకులదా?

మా ఇంటికొచ్చే వాళ్లలో సగం మంది వాకిలి పక్కనున్న మొక్కను చూసి "దీనికి ఐరన్ తక్కువైనట్టుంది, ఆకులన్నీ పసుపెక్కాయి" అంటారు. ఐరన్‌కేం లోటు లేదు, దాని రంగే అది. ఓక్‌లీఫ్ హైడ్రేంజియా అనే పూల పొదలో బంగారు ఆకుల రకం ఇది, పేరు లిటిల్ హనీ. ఆకు పెద్ద బెండాకులా చీలికలతో ఉంటుంది, ఏప్రిల్‌లో నిమ్మపండు రంగులో విచ్చుకుంటుంది, వేసవికి చిలకపచ్చకి దిగి, ఆకులు రాలే ముందు ఎర్రబడుతుంది. అది చూసి ముచ్చటపడి "మేమూ ఇదే పెట్టుకుంటాం" అనే వాళ్లకి నేను ముందు అడిగేది ఒక్కటే: మీ ఇంట్లో సాయంత్రం ఎండ ఎటువైపు పడుతుంది?

మేముండేది అమెరికాలో, అట్లాంటాకి ఉత్తరాన, కమ్మింగ్‌లో. ఓక్‌లీఫ్ హైడ్రేంజియా పుట్టిల్లు ఈ చుట్టుపక్కలే, జార్జియా, అలబామా అడవులు. విలియం బార్ట్రమ్ అనే ప్రకృతి పరిశోధకుడు 1770లలో ఇటు తిరుగుతూ దీన్ని చూసి రాశాడు, అలబామా వాళ్లయితే 1999లో దీన్ని తమ రాష్ట్ర అడవి పువ్వుగా ప్రకటించుకున్నారు. అంచేత పచ్చాకుల రకానికి ఇక్కడి ఉక్కా ఎండా కొత్త కాదు. బంగారు ఆకులది అలా కాదు. పీ వీ అనే పొట్టి పచ్చ రకంలో దానంతటదే రంగు మారి వచ్చిన కొమ్మని వేరు చేసి పెంచితే వచ్చిందే ఈ లిటిల్ హనీ. ఆకులో పచ్చదనం తక్కువ కాబట్టి ఎండతో ఆహారం వండుకోవడమూ నిదానం, ఎదుగుదలా నిదానమే, పైగా ఎండకి త్వరగా మాడుతుంది.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. రెండు లిటిల్ హనీలు తెచ్చి ఒకటి తూర్పున వాకిలి పక్కన, ఇంకొకటి పడమటి వైపు ఏసీ యూనిట్ దగ్గర పెట్టాను. పదకొండింటిదాకా ఎండ, తర్వాత ఇంటి నీడ పడే తూర్పుది హాయిగా ఉంది. పడమటిది మాత్రం జులై వచ్చేసరికి అంచులు కాల్చిన అప్పడంలా గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే పొడిపొడిగా విరిగిపోయేది. నీళ్లు చాల్లేదేమోనని రోజూ పొద్దునా సాయంత్రం పోశాను. మనది ఎర్ర బంకమట్టి, పోసిన నీళ్లు ఎక్కడికీ పోవు. ఆకులు ఇంకా వేలాడిపోతుంటే ఇంకో బకెట్ పోశాను, చివరికి తవ్వి చూస్తే వేర్లు నల్లబడి మురుగు వాసన. ఎండకి మాడిన దాన్ని నీళ్లతో చంపానన్నమాట!

ఆ స్థలంలోనే రూబీ స్లిప్పర్స్ అనే పచ్చ రకం పెట్టాను, ఈసారి గొయ్యి లోతుగా తవ్వకుండా పైన్ బెరడు పొడి కలిపి కాస్త దిబ్బలా పోసి. ఎండ అదే, మధ్యాహ్నం తలవాల్చినా పొద్దుగూకేసరికి లేచి నిలబడుతుంది. అలాగని దాన్ని రోజంతా నడి ఎండలో పెట్టమని కాదు, మొదట్లో పైన్ స్ట్రా, అంటే ఎండిన పైన్ ఆకులు, మందంగా పరవకపోతే అదీ నీరసిస్తుంది.

పూల సంగతికొస్తే పోటీయే లేదు. లిటిల్ హనీ మా ఇంట్లో మూడో ఏడు గానీ పూయలేదు, పూసినా చిన్న చిన్న తెల్లకంకులు నాలుగైదు. రూబీ స్లిప్పర్స్‌ది తొమ్మిది అంగుళాల కంకి, తెల్లగా మొదలై గులాబీ రంగు మీదుగా ముదురెరుపుకి వెళుతుంది, మొక్క మాత్రం మూడున్నర అడుగులు దాటదు. ఇంకా పెద్ద పూలు కావాలంటే ఆలిస్ అనే పచ్చ రకం ఉంది, కానీ అది పన్నెండు అడుగులు పెరిగే మనిషి, కిటికీ కింద పెట్టారంటే ఇంట్లోకి వెలుతురు రాదు. మట్టిలో ఏం కలిపినా ఈ పూలు మాత్రం నీలంగా మారవు, ఆ ఆశ పెట్టుకోకండి.

మరీ చీకటి మూల అయితే బంగారం తెచ్చి దండగ, రంగు దిగి మామూలు ఆకుపచ్చలా తయారవుతుంది. పొద్దుటి ఎండ ఉండి, వెనక ముదురు పచ్చ మొక్కలైనా ఇటుక గోడైనా ఉన్న చోట మాత్రం దీని ముందు ఇంకేదీ ఆనదు, పూలు లేకపోయినా సరే.

రెండింటికీ ఒకే జాగ్రత్త, కత్తెర. వచ్చే ఏడు పూసే మొగ్గ ఈ ఏడు వేసవి చివర్లోనే కొమ్మ చివర కట్టేస్తుంది. మా ఆయన ఫిబ్రవరిలో గులాబీలు కత్తిరిస్తూ ఊపులో వీటినీ సాఫు చేశారు, ఆ ఏడు ఒక్క పువ్వు లేదు. కత్తిరించాలంటే పూలు అయిపోగానే కత్తిరించాలి. జింకలకి మాత్రం బంగారం, పచ్చ తేడా లేదు, లేత చిగురు కనిపిస్తే చాలు.

గుంటూరు నుంచి మా పిన్ని వీడియో కాల్‌లో చూసి "ఒక కొమ్మ తెచ్చిపెట్టవే" అంటుంది. దీనికి చలికాలం నిజంగా చలి ఉండాలి, ఆ ఎండలకి ఆగదు. పసుపు ఆకులే కావాలంటే అక్కడ రోడ్ల మధ్య కంచెలా పెంచే బంగారు డురాంటా పెట్టుకోమన్నాను, దానికి ఎండ ఎంత ఉంటే అంత మెరుపు.

ఇక ఐరన్ మాట. డల్లస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మా వదిన మామూలు పచ్చ ఓక్‌లీఫ్ కొనుక్కుంటే రెండో ఏడు ఆకులు పసుపెక్కాయి, "నీ దానిలా బంగారంగా మారింది" అని ఫోటో పంపింది. దగ్గరగా చూస్తే ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగమే పాలిపోయింది. అది బంగారం కాదు వదినా, అక్కడి సున్నపు మట్టిలో ఐరన్ అందక వచ్చిన తెగులు అని చెప్పాను. లిటిల్ హనీలో ఈనెతో సహా ఆకంతా ఒకే పసుపు. ఇప్పుడు వదిన తన మొక్కని పెద్ద కుండీలోకి మార్చింది, మంచి మట్టి పోసి, తూర్పు వరండాలో.