డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్: ఊరి ప్రాక్టీసుకు పనికొస్తుందా?

చిన్న టౌన్‌లో పెరిగి, ఎంబీబీఎస్ ముగించి, మళ్లీ ఆ చుట్టుపక్కలే స్థిరపడదామనుకునే డాక్టర్లు ఇంటిల్లిపాదికీ వైద్యం చేయడం నేర్పే ఈ పీజీ కోర్సు గురించి తరచూ వాకబు చేస్తుంటారు. కోర్సు మంచిదే. కాకపోతే ఎన్‌బీఈఎంఎస్ (జాతీయ వైద్య పరీక్షల బోర్డు) ఇచ్చే పట్టా అందరికీ ఒకటే, నేర్చుకునే పని మాత్రం ఏ ఆసుపత్రికి ఆ ఆసుపత్రిదే. కాబట్టి సీటు కంటే ముందు ఆసుపత్రిని చూడాలి.

నీట్ పీజీ ర్యాంకుతో ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) కౌన్సెలింగ్‌లో సీటొస్తుంది. 3 ఏళ్లు. ఫీజు ఏడాదికి రూ.1.25 లక్షలు, పరీక్ష ఫీజు వేరే. స్టైపెండ్‌కు బోర్డు చెప్పిన కనీసం మొదటి ఏడాది నెలకు రూ.35 వేలు, తర్వాత 37, 39 వేలు. థీసిస్ (పరిశోధన వ్యాసం) తప్పదు. చేరిన 90 రోజుల్లో దాని ప్రణాళిక (ప్రోటోకాల్) పంపాలి, కాబట్టి గైడ్ ఎవరో మొదటి నెలలోనే తేల్చుకోవడం మేలు. మధుమేహం, బీపీ రోగులు ఓపీకి రోజూ వస్తారు కనుక అందులోంచే అంశం ఎంచుకుంటే కేసుల కోసం వెతుక్కునే పనుండదు.

అసలు చిక్కు పోస్టింగుల దగ్గర, అంటే ఏ విభాగంలో ఎన్నాళ్లు పనిచేయిస్తారన్న దగ్గర. నగరాల్లోని ప్రైవేటు ఆసుపత్రులు కొన్ని ఈ పీజీ విద్యార్థులను క్యాజువాలిటీకి (అత్యవసర విభాగానికి) దొరికిన డ్యూటీ డాక్టర్లుగానే చూస్తాయి. వాళ్లకు ఐసీయూ నైట్లు నిండుగా ఉంటాయి, లేబర్ రూమ్ మాత్రం చూసి రావడానికే. డబ్బు కట్టిన పేషెంటు కాన్పును కన్సల్టెంటు ఇంకొకరి చేతికి వదలరు, అది సహజం కూడా. అక్కడ వెంటిలేటర్ సెట్టింగులు బాగా వస్తాయి. పీహెచ్‌సీలో ఆ వెంటిలేటరే ఉండదు.

ఊళ్లో కావాల్సింది వేరు. పాముకాటు కేసునే తీసుకోండి. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూడాలి. గడ్డకట్టలేదంటే రక్తపింజర లాంటిది కరిచిందనే లెక్క. ప్లాస్టిక్ ట్యూబు వాడినా, డిటర్జెంటుతో కడిగిన ట్యూబు వాడినా మామూలు రక్తం కూడా గడ్డకట్టక మోసం చేస్తుంది. 10 వయల్స్ యాంటీ వెనమ్ (విషానికి విరుగుడు) ఎక్కించేటప్పుడు, అది పడక రియాక్షన్ వస్తే వాడేందుకు అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కనే పెట్టుకోవాలి. కట్లపాము కాటైతే గాటే కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పని వచ్చిన మనిషికి రెప్పలు వాలుతుంటే అనుమానించాలి. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు తాగినవాళ్లకు విరుగుడైన అట్రోపిన్ ప్రతి 5 నిమిషాలకూ రెట్టింపు చేస్తూ పోవాలి. కంటిపాప పెద్దదైందని ఆపేస్తే తప్పు, ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గేదాకా ఇవ్వాల్సిందే. ఫిట్స్‌తో వచ్చిన గర్భిణికి పై ఆసుపత్రికి పంపేముందు రెండు పిరుదుల్లో ఐదేసి గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వడం కూడా చేతికి అలవాటు కావాల్సిందే. ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి, కానీ జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలోనో, పల్లెలకు దగ్గరగా ఉండే మిషన్ ఆసుపత్రిలోనో అయితేనే చేతికి వస్తాయి. మా ఓటు వాటికే, హాస్టల్ గది బాగోకపోయినా సరే.

ఆప్షన్లు పెట్టుకునేముందు అక్కడి రెండో ఏడాది పీజీలతో మాట్లాడండి. హెచ్‌ఓడీని (విభాగం పెద్దను) అడిగితే అన్నీ ఉన్నాయనే అంటారు. నెలకు ఎన్ని నైట్లు క్యాజువాలిటీకే పోతున్నాయి? కాన్పులు సొంతంగా చేయనిస్తున్నారా? పిల్లల వార్డు పోస్టింగ్ నిజంగా జరిగిందా, లాగ్‌బుక్‌లోనే జరిగిందా? ఫ్యామిలీ మెడిసిన్ చదివిన టీచరు ఒక్కరైనా ఉన్నారా? చివరి ప్రశ్నకు చాలాచోట్ల జవాబు 'లేరు' అనే వస్తుంది, మెడిసిన్ వాళ్లే చూసుకుంటారు.

చివరి పరీక్షలో మూడేసి గంటల నాలుగు పేపర్లు, ఆ తర్వాత ప్రాక్టికల్. మెడిసిన్ ఎలాగూ చదువుతారు. ఈఎన్‌టీ, కన్ను, చర్మం, ఎముకలు పక్కన పెట్టేసి దెబ్బతింటారు. ఆ పోస్టింగులు చిన్నవి, కాబట్టి ఏ రోజు చూసిన కేసు ఆ రోజే రాసుకోవాలి.

ఉద్యోగం సంగతి కూడా దాచకూడదు. మన రాష్ట్రాల్లో పీహెచ్‌సీ సివిల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టుకు ఎంబీబీఎస్ చాలు, కేవలం ఆ పోస్టు కోసమైతే మూడేళ్లు అక్కర్లేదు. సొంత క్లినిక్ పెట్టుకుని పసిబిడ్డ నుంచి తాత వరకు ఒకే ఇంటి వాళ్లందరినీ చూసేవాళ్లకు మాత్రం పెట్టిన కాలం గిట్టుతుంది. అక్కడ పోటీ స్పెషలిస్టుతో కాదు, సాయంత్రానికి ఇంటికే వచ్చి ఇంజెక్షన్ వేసిపోయే ఆర్‌ఎంపీతో. ఆ పోటీ ఎలా తట్టుకోవాలో సిలబస్‌లో లేదు.

థీసిస్ వద్దనుకుంటే 2 ఏళ్ల డిప్లొమా ఉంది. అందులో చేరేవాళ్లూ ఈ వాకబంతా చేసుకోవాలి, ఇంకా గట్టిగా. కాలం తక్కువ కనుక ఒక్క పోస్టింగ్ పోయినా మళ్లీ పూడ్చుకునే వ్యవధి ఉండదు.