పికప్ డోర్ పక్కనున్న పసుపు స్టిక్కర్ చదవకుండా ట్రక్ క్యాంపర్ కొనకండి

ఈ వేసవిలో ట్రక్ క్యాంపర్ (పికప్ వెనక తొట్టిలో ఎక్కించుకునే చిన్న గది లాంటిది) కొని జయాన్, ఎల్లోస్టోన్, గ్లేసియర్ లాంటి అమెరికా జాతీయ పార్కులు చుట్టి రావాలనుకుంటున్న మనవాళ్లు ఎవరైనా ఉంటే, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మేము 14,500 డాలర్లు పెట్టి కొన్నాం. ఇద్దరు పిల్లలను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, మా బండి మోయకూడని బరువుతో కొండ దిగాం. క్షేమంగానే బయటపడ్డాం. కానీ ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి.

మేముండేది అరిజోనాలోని ఫీనిక్స్‌లో. మాకు హాఫ్ టన్ పికప్ ఉంది, అంటే పికప్‌లలో తక్కువ బరువు మోసే రకం. జూన్ రెండో వారంలో బయల్దేరి జయాన్, బ్రైస్, గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్ చూసుకుని చివరికి గ్లేసియర్ వరకు వెళ్లాలని ప్లాన్. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర రాత్రి బస చేసే క్యాంప్ సైటు దొరికింది. అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి టెంట్లు వేయనివ్వరు, గుడ్డ గోడలున్న పాపప్ క్యాంపర్లను కూడా రానివ్వరు. గట్టి గోడలున్న బండే కావాలి. మేం చేసిన మొదటి తప్పు ఇక్కడే. సైట్లు ముందు బుక్ చేసుకుని, క్యాంపర్ తర్వాత వెతికాం. తేదీలు దగ్గరపడేసరికి కంగారు మొదలైంది. కంగారులో ఉన్నవాడిని అమ్మేవాడు ఇట్టే పసిగడతాడు.

పాత ఆర్వీలు (లోపలే పడుకుని, వండుకునే బండ్లు) అమ్మే ఒక లాటులో మా క్యాంపర్ కనిపించింది. లోపల చిన్న స్టవ్, ఫ్రిజ్, పైన మంచం. చూడగానే పిల్లలు మంచమెక్కి దిగనన్నారు. "ఇది 1,290 పౌండ్లే. మీ ట్రక్ 10,000 పౌండ్లు లాగుతుంది కదా, దీన్ని మోస్తున్నట్టు కూడా తెలియదు" అన్నాడు సేల్స్‌మన్. నేను నమ్మాను.

లాగే బరువు వేరు, మోసే బరువు వేరు. బండి కట్టిన ఎద్దు బస్తాలకు బస్తాలు లాగుతుంది. ఆ బస్తాలన్నీ దాని వీపు మీద పెడితే కూలబడుతుంది. ట్రక్ క్యాంపర్ వెనకాల తగిలించుకుని లాగే ట్రైలర్ కాదు, దాని బరువంతా పికప్ వీపు మీదే పడుతుంది. ఆ వీపు ఎంత మోస్తుందో డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కనున్న స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్‌లో రాసి ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదు అని. నా బండి మీద 1,520 పౌండ్లు అని ఉంది. నాలుగేళ్లుగా రోజూ ఆ డోర్ తీస్తున్నాను, ఒక్కరోజూ దాన్ని చదవలేదు.

ట్రిప్‌కు ముందు ఒకసారి చూసుకుందామని మే చివర్లో మెమోరియల్ డే వారాంతంలో ఫ్లాగ్‌స్టాఫ్ బయల్దేరాం. ఐ-17 హైవే ఎక్కినవాళ్లకు తెలుసు, బ్లాక్ కాన్యన్ సిటీ దాటాక సన్‌సెట్ పాయింట్ వరకు కొండ ఎంత ఎక్కాలో. ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. పక్క నుంచి పెద్ద లారీ దాటిపోయిన ప్రతిసారీ మా బండి అటూ ఇటూ ఊగేది. ముందు చక్రాలు తేలిపోతున్నట్టు స్టీరింగ్ తేలికైపోయింది. అది కూడా ఫరవాలేదు అనుకున్నాను. అసలు కష్టం క్యాంప్ వెర్డీ వైపు దిగుతున్నప్పుడు మొదలైంది. బ్రేక్ పెడల్ మొదట్లో ఎక్కడ పట్టుకునేదో, సగం దిగేసరికి అంతకన్నా చాలా కిందికి తొక్కితే గానీ పట్టలేదు. "ఏవండీ, ఏదో కాలుతున్న వాసన వస్తోంది" అంది మా ఆవిడ. నేను మాట్లాడలేదు. గేరు తగ్గించి, ఫ్లాషర్లు వేసుకుని, కుడి లేన్‌లో మెల్లగా దింపాను. కింద ఆపి దిగి చూస్తే, వెనక టైర్ల పక్కలు ఉబ్బి నేలకు ఆనుతున్నట్టున్నాయి. చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ కొట్టింది.

బంకులో ఒక పెద్దాయన, లారీ డ్రైవర్, మా బండి వెనక భాగం కిందికి వాలి ఉండటం చూసి తనే దగ్గరికొచ్చాడు. "ముందు దీన్ని కాటా మీద పెట్టు బాబూ, పిల్లలున్నారు" అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో కాటాలుంటాయి, 20 డాలర్లలోపే, ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని విడివిడిగా కాగితం ఇస్తారు. ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర తూయించాను. మొత్తం 7,980 పౌండ్లు. నా బండి గరిష్ఠ పరిమితి 7,000. వెనక ఇరుసు మోయాల్సింది 3,800 అయితే దాని మీద 4,720 ఉంది. అంటే దాదాపు వెయ్యి పౌండ్లు ఎక్కువ, అందులో ఎక్కువ భాగం వెనక టైర్ల మీదే.

1,290 అన్న క్యాంపర్ సామానుతో కలిపి 2,000 పైన ఎలా అయిందో ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేసుకున్నాను. వాళ్లు చెప్పేది డ్రై వెయిట్. పాత బ్రోషర్‌లోని ఖాళీ డబ్బా బరువు అది. ఏసీ, ఆనింగ్ (ఎండకు పరిచే గుడ్డ పందిరి), జాకులు, ఫ్రిజ్ లాంటి ఆప్షన్లు అందులో లేవు, అవే 290 దాకా తేలాయి. 20 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు నింపాం. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు, అంటే 167. నిండు ప్రొపేన్ సిలిండర్ 37, బ్యాటరీ 60. బియ్యం, కుక్కర్, బట్టలు, దుప్పట్లు, కుర్చీలు కలిపి 180. ఆపైన మేం నలుగురం 470. స్టిక్కర్ మీద రాసిన 1,520లో మా నలుగురినీ తీసేస్తే క్యాంపర్‌కు మిగిలేది 1,050. అంటే ఖాళీ డబ్బాగా కూడా అది మా బండికి పనికిరాదు. కొనే ముందు రెండు నిమిషాల లెక్క ఇది.

ఇంకో మోసం ఉంది, దీన్ని గట్టిగా చెప్పాలి. అమ్మేటప్పుడు "వెనక కొంచెం దిగుతుంది, ఎయిర్ బ్యాగులు (వెనక స్ప్రింగుల దగ్గర పెట్టే గాలి తిత్తులు) వేయించుకుంటే మోసే కెపాసిటీ పెరుగుతుంది" అని ఇంకో 650 డాలర్లు తీసుకున్నారు. పెరగదు. ఎయిర్ బ్యాగ్ బండి వెనక భాగాన్ని పైకి లేపి మట్టంగా నిలబెడుతుందంతే. ఇరుసు అదే, బ్రేకులు అవే, టైర్లు అవే. స్టిక్కర్ మీది అంకె మారదు. పైగా బండి చూడటానికి సమంగా కనిపిస్తుంది కాబట్టి, ఎక్కువైందన్న సంగతే మనకు తెలియకుండా పోతుంది.

తిరిగొచ్చాక పరుపు ఎత్తి పై మంచం మూల చూశాను. కొత్తగా అంటించిన వినైల్ (ప్లాస్టిక్ పొర) కింద బొటనవేలితో నొక్కితే చెక్క నానిన అట్టలా లోపలికి దిగింది. వినైల్ అంచు లాగితే నల్లటి మరక, తడి గోనెసంచి వాసన. పైకప్పు అంచుల్లో సీలెంట్ పగిలి ఏళ్ల తరబడి వాన నీరు దిగింది. దాన్ని బాగుచేయకుండా పైపైన కప్పేశారు. కొనే రోజు క్యాంపర్ నిండా గుప్పుమన్న రూమ్ ఫ్రెష్‌నర్ వాసన ఎందుకో అప్పుడు అర్థమైంది. మీరు చూడ్డానికి వెళ్తే పరుపులు ఎత్తించండి, అల్మారాల వెనక మూలలన్నీ నొక్కండి, నిచ్చెన వేసుకుని పైకప్పు చూడండి. తేమ కొలిచే చిన్న మీటర్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, పట్టుకెళ్లండి. అమ్మేవాడు మొహం మాడ్చుకుంటే అక్కడి నుంచి వచ్చేయండి.

ఎత్తు సంగతి కూడా అడగండి. "ఏ పార్కులోనైనా తిరగొచ్చు" అన్నారు మాకు. గ్లేసియర్‌లో గోయింగ్ టు ద సన్ రోడ్ మీద అవలాంచ్ అనే చోటు దాటాక కొండ భాగంలో 21 అడుగుల పొడవు దాటిన బండిని అనుమతించరు, 10 అడుగుల ఎత్తు దాటినా ఇబ్బందే. ఏసీతో కలిపి మాది 10 అడుగుల 9 అంగుళాలు, వెనక పొడుచుకొచ్చిన భాగంతో 21 అడుగుల 8 అంగుళాలు. ఏ రోడ్డు చూడాలని అంతదూరం వెళ్లాలనుకున్నామో, ఆ రోడ్డే ఎక్కలేం. జయాన్‌లో 1930లో పూర్తయిన మౌంట్ కార్మెల్ సొరంగానికి కూడా 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు దాటితే ఆంక్షలున్నాయి. పెద్ద క్యాంపర్ ఎత్తైన ట్రక్ మీద పెడితే ఆ ఎత్తును మించిపోవచ్చు. బ్రోషర్‌లో ఉండేది క్యాంపర్ ఒక్కదాని ఎత్తు. ట్రక్ మీద ఎక్కించాక నేల నుంచి టేపు పెట్టి కొలవాలి.

అమ్మినవాళ్ల దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. కాటా కాగితం చూపించాను, పుచ్చిన చెక్క ఫొటోలు చూపించాను. "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను) అని నేను సంతకం పెట్టిన కాగితం నా ముందు పెట్టారు. నోటితో చెప్పిన మాట ఏదీ అందులో లేదు. మీతో ఎవరైనా "మీ ట్రక్ మోస్తుంది" అంటే, అదే మాట మీ ట్రక్ స్టిక్కర్ అంకెతో సహా బిల్లు మీద రాసి సంతకం చేయమనండి. మాకిలా జరిగాక ఇద్దరు స్నేహితులు వేరే లాటుల్లో అడిగి చూశారు. ఒక చోట రాయడానికి ఒప్పుకోలేదు. ఇంకో చోట "మీ బండికి ఇది వద్దు" అని వాళ్లే చెప్పారు. ఆ రెండో చోటు మనుషులకు నా నమస్కారం.

చివరికి వన్ టన్ ట్రక్ (మా దానికన్నా చాలా ఎక్కువ బరువు మోసే రకం) ఉన్న ఒకాయనకు, పుచ్చిన మూల చూపించి మరీ, 8,000 డాలర్లకు అమ్మాను. ఫిషింగ్ బ్రిడ్జ్ బుకింగ్ రద్దు చేసుకున్నాం. చిన్నవాడు రెండు రోజులు మాట్లాడలేదు. ఎల్లోస్టోన్‌లోనే మాడిసన్‌లో ఎవరో వదులుకున్న టెంట్ సైటు దొరికింది, మామూలుగా పికప్‌లోనే వెళ్తున్నాం. గ్లేసియర్ వచ్చే ఏడాదికి.

మీరెవరైనా ఇప్పుడు బేరంలో ఉంటే, అడ్వాన్స్ ఇవ్వకముందే మీ డోర్ స్టిక్కర్ ఫొటో, క్యాంపర్ బరువు ప్లేటు ఫొటో, బండిలో కూర్చునేవాళ్ల బరువులు నాకు పంపండి. రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, లెక్క కట్టి చెప్తాను.