వార్సా మత్స్యకన్య విజయనగరం చేరిన వైనం

పోలండ్ రాజధాని వార్సాలో మా అమ్మాయి దగ్గర మూడు వారాలు ఉండి శ్రీకాకుళం తిరిగి వస్తూ, విజయనగరంలోని మా వదినకు ఒక పింగాణీ మత్స్యకన్యను తీసుకువచ్చాను. ఏటా సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చే మనిషికి ఇంతకన్నా తగిన కానుక నాకు తోచలేదు.

కుడిచేత కత్తి ఎత్తి, ఎడమచేత డాలు పట్టిన మత్స్యకన్య ఆ నగరపు చిహ్నం. పాత ముద్రల్లో ఆ రూపానికి డ్రాగన్ దేహమూ పక్షి కాళ్లూ ఉండేవట; చేప తోక తరువాత వచ్చింది. పాత పట్టణం కూడలిలో 1855లో కొన్స్తాంతీ హెగెల్ చేసిన విగ్రహ రూపం, విస్తులా నది ఒడ్డున 1939లో నిలిపిన లుద్వికా నిత్షోవా కంచు విగ్రహం, రెండూ చూడదగినవే. నా మనసు మాత్రం నది ఒడ్డునే నిలిచిపోయింది. ఆ విగ్రహానికి నమూనాగా నిలబడిన క్రిస్టినా క్రాహెల్స్కా అనే యువతి నాజీ జర్మన్ల ఆక్రమణపై వార్సాలో లేచిన 1944 తిరుగుబాటులో గాయపడినవారికి సేవ చేస్తూ తూటా తగిలి మరణించిందని తెలిశాక, అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. ఆ ఏడాది నేలమట్టమైన పాత పట్టణాన్ని మళ్లీ కట్టుకున్నారు. 1980లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బస విషయంలో, పాత పట్టణంలో గది తీసుకోకపోవడమే మంచిదైంది, ఎందుకంటే ఆ రాళ్ల బాటలపై చక్రాల పెట్టె లాగడం కష్టం. 24 గంటల టికెట్ ఒకటి కొంటే ట్రాము, మెట్రో, బస్సు అన్నీ ఎక్కవచ్చు. శాకాహారులకు బంగాళాదుంప, పనీరు వంటి జున్ను కూరిన పియెరోగీ, అంటే కజ్జికాయ ఆకారంలో ఉండే అక్కడి ఉడికించిన పిండి వంటకం, చవకలో దొరుకుతుంది.

బొమ్మ కోసం రెండు దుకాణాలు తిరిగాను. మొదటిచోట అచ్చు బొమ్మలు చవకే గాని, కత్తి తలకు అతుక్కుపోయి, డాలు వట్టి రంగు మచ్చలా ఉంది. రెండోచోట ధర దాదాపు మూడింతలు. అయితే పొలుసులు ఒక్కొక్కటిగా కుంచెతో దిద్ది ఉన్నాయి, పీఠం అడుగున మెరుగు పూయని మట్టి వేలికి గరుకుగా తగిలింది. అమ్మిన ఆవిడ మూడు పొరల బబుల్ ర్యాప్ చుట్టి ఇచ్చింది. దారిలో ఒక విమానాశ్రయంలో తనిఖీకని విప్పించి, తిరిగి సరిగా చుట్టకుండానే ఇచ్చేశారు. కత్తి మొన వడ్లగింజంత విరిగింది. ఆ బాధ నాకు ఇంకా తగ్గలేదు.

శ్రీకాకుళం నుంచి విజయనగరానికి బస్సే సులువు. కుదుపులకు భయపడి ఈసారి ఆమదాలవలసలో రైలెక్కాను, బొమ్మ ఒడిలోనే ఉంది. వదిన విరిగిన మొనను వేలితో తడిమి, "దీనికి బదులు మన ఊరి గుర్తు ఒకటి అమ్మాయికి పంపొద్దా?" అంది.

సాయంత్రం ఇద్దరం గంటస్తంభం దగ్గర దుకాణాలన్నీ గాలించాం. పైడితల్లి పటాలు ఎన్నో ఉన్నాయి. గంటస్తంభంగాని, 1713లో కట్టిన కోటగాని, సిరిమానుగాని పింగాణీలో ఒక్కటీ కనబడలేదు. విజయ అన్న మాటను పేరులోనే పెట్టుకున్న ఊరికి అరచేతిలో ఇమిడే బొమ్మ లేకపోవడం నాకు నిజంగా లోటుగానే అనిపించింది. జిల్లాలోని కుమ్మరులకు ఎవరైనా ఈ పని అప్పగిస్తే మొదటి బొమ్మ నేనే కొంటాను. చివరకు జానెడు బొబ్బిలి వీణ ఒకటి తీసుకున్నాం. వార్సా నుంచి వచ్చిన ఆ బబుల్ ర్యాప్‌నే వదిన దాని బిరడాలకు నాలుగు చుట్లు చుట్టింది.