నెల్లూరులో రెండు రాత్రులు, రెండు హోటళ్లు

సంక్రాంతి సెలవులకు అమ్మనీ పిల్లల్నీ తీసుకుని నెల్లూరు వెళ్లాం. స్టేషన్‌కి దగ్గరైతే సామాన్లతో తిప్పలుండవని ఫొటోలు చూసి గది బుక్ చేశాను. ఫొటోల్లో తెల్లటి దుప్పట్లు కనిపిస్తాయి గానీ విజయవాడ–చెన్నై రైలు మార్గం కనిపించదు కదా! గూడ్సు పోయినప్పుడల్లా కిటికీ అద్దం గడగడలాడేది, నీళ్ల జగ్గు మీద బోర్లించిన గ్లాసు టకటక కొట్టుకునేది. తెల్లారి చూస్తే అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. "ఏ బండి ఎన్నింటికి పోతుందో ఇప్పుడు నేనే చెప్పగలను" అంది.

పైగా మేం దిగింది పొద్దున ఐదున్నరకి. వాళ్లది మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు పన్నెండు దాకా ఒక రోజు లెక్క. ముందే గదిలోకి పోవాలంటే సగం రోజు అద్దె కట్టమన్నారు, కట్టాం. ఇరవైనాలుగు గంటల చెకౌట్, అంటే దిగిన గంట నుంచి రోజు లెక్కపెట్టే పద్ధతి, ఉందా అని ముందే అడగకపోవడం నా తెలివితక్కువతనం.

మర్నాడు దర్గామిట్ట వైపు, రోడ్డు మీద కాకుండా లోపలి సందులో ఇంకోటి వెతికాం. ఈసారి డబ్బు కట్టకముందే పైకెళ్లి కుళాయి తిప్పాను, గీజర్ వేసి వేడినీళ్లు వచ్చేదాకా నిలబడ్డాను. రిసెప్షన్ కుర్రాడు నవ్వుకున్నాడు. నవ్వుకోనీ! గది చిన్నదే, టీవీ సరిగ్గా రాదు, కానీ వెనకవైపు కావడంతో చప్పుడు లేదు. సాయంత్రం అమ్మ స్వర్ణాల చెరువు గట్టు దాకా మెల్లగా నడిచొచ్చింది. మొహర్రం నెలలో ఈ చెరువు దగ్గర దర్గాలో జరిగే రొట్టెల పండగకైతే జనం రద్దీకి ఈ చుట్టుపక్కల గది ఆశ వదులుకోవాల్సిందే.

నేలపట్టు పక్షుల కేంద్రం చూడాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి, హోటల్ టిఫిన్ మొదలయ్యేది ఏడున్నరకి. ఆ కుర్రాడే ఐదింటికి బయటి బండి నుంచి ఇడ్లీలు కట్టించి తెచ్చాడు. నీటికడప చెట్ల మీద గూడబాతుల్ని (పెలికాన్లని) చూస్తూ తిన్నాం. చేపల పులుసు మాత్రం ఆ హోటల్లో తినకండి, పుల్లమామిడి ముక్క ఒక్కటైనా లేదు. పక్క వీధి మెస్సులో బాగుంది.

బిల్లులో జీఎస్టీ 12 శాతం వేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 లోపు గదికి 5 శాతమేనని చెబితే, పాత ఫార్మాట్ అంటూ కొట్టేసి మళ్లీ రాసిచ్చారు. ఆ మిగిలిన డబ్బుతో అమ్మ మలై కాజా కొనిపించింది.