జాగ్రత్త: ఎలివేషన్ షీట్ల వెనక ఏం బిగిస్తున్నారో చూడకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు

తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట వైపు ఇల్లు కడుతూ ముందు గోడకి చెక్క రంగు హెచ్‌పీఎల్ షీట్లు (కాగితం పొరల్ని రెజిన్‌తో కలిపి గట్టిగా నొక్కి చేసే పలకలు) వేయించాలనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వేరే పనులెన్ని ఉన్నా షీట్లు బిగించే ఫ్రేము గోడకి కొట్టిన రోజు మాత్రం పరంజా ఎక్కి చూడండి. షీటు పడ్డాక లోపల ఏముందో ఎవరికీ కనపడదు. పని చెడగొట్టేవాడి ధైర్యమంతా అదే.

మాది రాయలచెరువు రోడ్డు వైపు, తూర్పు ముఖం ఇల్లు, పైన ఒక అంతస్తు. గృహప్రవేశానికి ముందు ఎండాకాలంలో ముందు గోడంతా షీట్లు వేయించాం. పేరున్న కంపెనీ షీట్లే, బ్రోచర్‌లో పదేళ్ల వారంటీ అని కూడా ఉంది. చూసినవాళ్లంతా బాగుందన్నారు, నిజంగానే బాగుంది. అక్టోబరు వానలు మొదలయ్యాక పై బెడ్‌రూంలో కిటికీ పక్కన పుట్టీ ఉబ్బింది. ఆ చెమ్మ మెల్లగా స్విచ్ బోర్డు దాకా దిగింది. కరెంటు దగ్గర చెమ్మ అంటే టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. దీపావళి దాటేసరికి గాలి తగిలినప్పుడల్లా బయట ఒక షీటు టకటకా కొట్టుకోవడం మొదలైంది.

కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే, "వానాకాలం గదన్నా, అందరిళ్లల్లో ఉండేదే, సిలికాన్ కొట్టిస్తా" అన్నాడు. ఒక కుర్రాడొచ్చి కనపడిన సందులన్నీ, కింది అంచుతో సహా, సిలికాన్‌తో మూసేసి పోయాడు. ఆ తర్వాత చెమ్మ ఇంకా ఎక్కువైంది. మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాడు.

చివరికి రేణిగుంటలో ఫ్యాబ్రికేషన్ పని చేసే ఇంకొకాయన్ని పిలిపించాం. ఆయన కింది వరసలో ఒక షీటు స్క్రూలు తీసి పక్కకి లాగగానే, లోపల నిలిచిన నీళ్లు తుప్పు రంగులో మెట్ల మీదికి దబ్బున పడ్డాయి. కొన్ని స్క్రూలు స్క్రూడ్రైవర్ పెట్టకుండానే ప్లాస్టిక్ ప్లగ్గుతో సహా చేతికొచ్చేశాయి. "ఏంది సార్ ఇది, గోడకి పూతే పుయ్యలేదే" అన్నాడాయన. నిజమే. షీట్లు వచ్చే చోట ప్లాస్టరింగ్ దండగ అని మా మేస్త్రికి చెప్పి ఆపించింది ఆ కాంట్రాక్టరేనని అప్పుడు బయటపడింది. ఇటుకల మధ్య సందులు అలాగే నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కొటేషన్‌లో అల్యూమినియం ఫ్రేము అని రాసిచ్చాడు, గోడ మీద ఉన్నవి ఇనుప పైపులు. కోసిన చోట, వెల్డింగ్ పెట్టిన చోట ప్రైమర్ చుక్క కూడా లేదు. అల్యూమినియమో కాదో తేల్చుకోవడానికి జేబులో ఒక అయస్కాంతం చాలు, అతుక్కుంటే ఇనుమే.

షీట్లు ఉబ్బి టకటకా కొట్టుకోవడానికి కారణం వేరే. హెచ్‌పీఎల్ ఎండకీ తేమకీ కుంచించుకుంటుంది, సాగుతుంది. మీటరు పొడవుకి 2.5 మిల్లీమీటర్ల దాకా కదలిక ఉంటుందని లెక్కేసుకోవాలి. అంటే ఎనిమిది అడుగుల షీటుకి ఆరు మిల్లీమీటర్లు. అందుకే షీటుకీ షీటుకీ మధ్య కనీసం 8 మిల్లీమీటర్ల సందు వదలాలి. షీటు మధ్యలో ఒక్క చోటే బిగువుగా బిగించి, మిగతా రంధ్రాలన్నీ స్క్రూ కంటే పెద్దవిగా వేయాలి, షీటు కదలడానికి చోటుండాలి గనక. షీటుకీ గోడకీ మధ్య గాలి ఆడేలా కనీసం 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. కిందా పైనా ఆ గాలికి దారి ఉండాలి. ఇదంతా కంపెనీవాళ్ల ఇన్‌స్టలేషన్ మాన్యువల్‌లో బొమ్మలతో సహా ఉంటుంది. మా ఇంట్లో షీటుకి షీటు ఆనించి, అన్ని రంధ్రాలూ స్క్రూ సైజుకే వేసి బిగించారు. సాగడానికి చోటు లేక మధ్యలో ఉబ్బి, అంచు దగ్గర ప్లగ్గుల్ని పీకేసింది.

నీళ్లు మాత్రం పైనుంచి వచ్చాయి. పిట్టగోడ దగ్గర షీటు పై అంచుకి అల్యూమినియం క్యాప్ పెట్టాలి. దాన్ని గోడలోకి గాడి కోసి దించాలి. దాని బదులు ఒక సిలికాన్ గీత గీసి వదిలేశారు. అది కూడా వెనిగర్ వాసనొచ్చే చౌక రకం. ఆ రకం సిమెంటుకి సరిగ్గా పట్టదు, ఇనుముని తినేస్తుంది. బయటి పనికి ఆ వాసన రాని న్యూట్రల్ సిలికాన్ వాడాలి. ఎండాకాలమంతా కాగిన ఆ గీత పగిలి వాన నీళ్లు లోపలికి దిగాయి. కింది అంచు తెరిచి ఉన్నన్నాళ్లూ కొంతైనా కారిపోయేవి. ఆ కుర్రాడు అది కూడా మూశాక పోయే దారి లేక గోడ పట్టాయి.

మన వైపు ఇంకో సంగతి ఉంది. వాస్తు చూసి చాలామంది తూర్పు ముఖం, ఉత్తర ముఖం కడతాం, ఎలివేషన్ సోకులన్నీ అటే పెడతాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, తుపాను గాలి కొట్టేది కూడా ఆ రెండు గోడల్నే. 2021 నవంబరులో ఊరెలా మునిగిందో చూశాం కదా. ఎక్కడో వీడియోలో చూసిన పనిని ఇక్కడ తూర్పు గోడకి వేసేటప్పుడు ఈ లెక్క ఉండాలి.

వారంటీ సంగతి ఇంకా బాగుంటుంది. కంపెనీ వారంటీ షీటుకే, బిగించిన పనికి కాదు. మాన్యువల్ ప్రకారం బిగించకపోతే షీటు వారంటీ కూడా చెల్లదని షరతుల్లో ఉంది. బిగింపుకి కాంట్రాక్టరు వేరే రాసివ్వాలి, ఎన్నేళ్లో, ఏమేం కవర్ అవుతాయో విడమర్చి.

రిపేరు సంక్రాంతి తర్వాత పెట్టుకున్నాం, గోడ ఆరాలి కాబట్టి. షీట్లన్నీ విప్పి, ప్లాస్టరింగ్ చేయించి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించి, అల్యూమినియం ఫ్రేము, స్టెయిన్‌లెస్ స్క్రూలు పెట్టించాం. పాత షీట్లే అంచులు కోసి, రంధ్రాలు పెద్దవి చేసి చాలావరకు వాడుకోగలిగాం. మూలలు చిట్లినవి మాత్రం పారేశాం. మొదటి పనికి పెట్టినదాంట్లో సగానికి పైనే మళ్లీ ఖర్చయింది. రేణిగుంట ఆయన పై క్యాప్ పెట్టాక, షీట్లు ఎక్కించక ముందే, పిట్టగోడ మీదినుంచి పైపుతో చాలాసేపు నీళ్లు కొట్టి చూపించాడు. ఆ పరీక్ష ఎవరితోనైనా చేయించుకోండి.

కొటేషన్‌లో "ఎలివేషన్ వర్క్, చదరపు అడుగుకి ఇంత" అని ఒక్క లైను ఉంటే ఒప్పుకోవద్దు. ఫ్రేము ఏ లోహం, ఎంత మందం, స్క్రూలు ఏ రకం, సందు ఎంత, పై క్యాప్ ఉందా, ఇవన్నీ రాయించండి. డబ్బు విడతలుగా ఇవ్వండి, ఫ్రేము చూశాక ఒకటి, ఒక వానాకాలం గడిచాక చివరిది. చివరిది అలా ఆపుతానంటే ఎగిరిపడే కాంట్రాక్టర్లుంటారు. వాళ్లని వదిలేయడమే మేలు. జీఎస్టీ ఎగ్గొడదామని బిల్లు లేకుండా చేయించుకుంటే రేపు గొడవొచ్చినప్పుడు చేతిలో కాగితం ఉండదు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు విప్పే ముందూ, విప్పేటప్పుడూ తేదీ పడేలా ఫోటోలు, వీడియోలు తీసుకోండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. మేము రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాక కాంట్రాక్టరు తనే ఫోన్ చేసి "మాట్లాడుకుందాం అన్నా" అన్నాడు. రిపేరు బిల్లులో సగం ఇస్తానంటున్నాడు. మేము ఒప్పుకోలేదు, కాగితాలు సిద్ధం చేస్తున్నాం. అందుకే ఇక్కడ పేరు రాయట్లేదు.